సెలవులకు వెళ్లే ఊళ్లోనే కాపురం పెడదామా? నాలుగు దారుల్లో మీది ఏది

హోటల్ గది ఖాళీ చేసే రోజు ఉదయం చాలామందికి వచ్చే ఆలోచన ఇది. పెట్టెలు సర్దేశాం. పిల్లలు ఇంకొక్కసారి బయటికి వెళ్లొస్తామని మారాం చేస్తున్నారు. కిటికీ దగ్గర నిలబడి ఎవరో ఒకరు అంటారు, "ఇక్కడే ఉండిపోతే ఎంత బాగుంటుంది!" అని. చాలా ఇళ్లలో ఆ మాట దారిలోనే మరుగున పడిపోతుంది. కొన్ని ఇళ్లలో పడదు. మరుసటి ఏడాది అదే కిటికీ, అదే మాట. ఈసారి ఫోన్‌లో అద్దెలు వెతకడం మొదలవుతుంది.

మా ఇంట్లో అలాగే మొదలైంది. ఏటా సెలవులకు వెళ్లే ఒక కొండ ఊరికి ఇద్దరు పిల్లలతో, అత్తయ్యతో కలిసి కాపురం మార్చాం. ఊరి నడిబొడ్డున రెండేళ్లు ఉన్నాం. తర్వాత కొండ దిగి, అక్కడికి నలభై నిమిషాల దూరంలో ఉన్న ఒక మామూలు పట్నానికి మారాం. ఇప్పటికీ అక్కడే ఉంటున్నాం. అంటే ఒకటికి రెండుసార్లు సామాను కట్టాం. మొదటిసారే సరిగ్గా ఆలోచించి ఉంటే ఒక్కసారితో సరిపోయేది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

వెళ్లొద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. వెళ్లినందుకు మాకు సంతోషంగానే ఉంది. అయితే "వెళ్లాలా, మానాలా" అని రెండే దారులున్నట్టు ఇంట్లో వాదించుకుంటూ మేం చాలా నెలలు పోగొట్టుకున్నాం. నిజానికి దారులు నాలుగు. ఊళ్లోనే ఇల్లు తీసుకోవడం ఒకటి. దగ్గర్లోని మామూలు పట్నంలో ఉండటం రెండోది. ఏడాదిలో కొంత ఇక్కడ, కొంత అక్కడ గడపడం మూడోది. ఉన్నచోటే ఉండి మరిన్నిసార్లు, మరిన్ని రోజులు వెళ్లిరావడం నాలుగోది.

## ఊహ ఎక్కడ దారి తప్పుతుంది

దూరపు కొండలు నునుపు అంటారు. మన చిక్కు అది కూడా కాదు. ఆ కొండ మనం ఎక్కాం, నాలుగైదుసార్లు చూశాం, గరుకెంతో తెలుసనుకుంటాం. కానీ చూసినప్పుడల్లా మంచి నెలలోనే చూశాం. పని లేని రోజుల్లో చూశాం. ఇంకెవరో పక్క సర్ది, నేల తుడిచిపెట్టిన గదిలో ఉండి చూశాం.

1998లో డేవిడ్ ష్కేడ్, డేనియల్ కానెమన్ అనే పరిశోధకులు అమెరికాలో దాదాపు రెండు వేల మంది విద్యార్థుల మీద ఒక అధ్యయనం చేశారు. కొందరు చలి ఎక్కువగా ఉండే మిడ్‌వెస్ట్‌లో చదివేవాళ్లు, మిగతావాళ్లు ఎండా సముద్రమూ ఉన్న దక్షిణ కాలిఫోర్నియాలో చదివేవాళ్లు. మీ జీవితంతో మీరెంత తృప్తిగా ఉన్నారని అడిగితే రెండు చోట్లా జవాబులు దాదాపు ఒకేలా వచ్చాయి. మీలాంటివాళ్లు ఏ ప్రాంతంలో ఎక్కువ తృప్తిగా ఉంటారని అడిగితే మాత్రం రెండు వైపులవాళ్లూ కాలిఫోర్నియా అనే అన్నారు. వాతావరణం విషయంలో కాలిఫోర్నియావాళ్లకు నిజంగానే తృప్తి ఎక్కువ. కాకపోతే మొత్తం జీవితంలో వాతావరణం వాటా, దాని గురించే ఆలోచిస్తున్నప్పుడు మనకు అనిపించినంత పెద్దది కాదు.

కొండ మీది మా రెండేళ్లలో దాన్ని కళ్లారా చూశాను. మొదటి మూడు నెలలు రోజూ ఉదయం లేవగానే లోయ చూసేదాన్ని. తర్వాత లేవగానే గడియారం చూడటం మొదలైంది. లోయ అక్కడే ఉంది. పిల్లల స్కూలు, ఆఫీసు మీటింగులు, అత్తయ్య మందులు కూడా ఉన్నాయి. ఊరు ఎంత అందమైనదైనా వారంలో ఐదు రోజులు మనం బతికేది వాటితోనే. కాబట్టి ఆ ఐదు రోజులు ఎక్కడ సాఫీగా గడుస్తాయో ముందు చూడాలి.

## దేన్ని బట్టి తేల్చుకోవాలి

ఆ ఊరి చెడ్డ నెల. సెలవుల ఊళ్లకు చెడ్డ కాలాలు సాధారణంగా రెండుంటాయి. ఎవరూ రాని కాలం ఒకటి, అందరూ వచ్చే కాలం ఇంకొకటి. మనకు మొదటిది తెలియదు, రెండోది తెలిసినా పర్యాటకులుగానే తెలుసు. ఎవరూ రానప్పుడు దుకాణాలు మూతపడతాయి, బస్సులు తగ్గుతాయి, వానో మంచో పొగమంచో రోజుల తరబడి వదలదు. నార్వేలో ర్యుకాన్ అనే ఊరుంది. లోయ ఎంత లోతంటే సెప్టెంబరు చివరి నుంచి మార్చి దాకా ఊళ్లోకి నేరుగా ఎండ రాదు. 2013లో కొండ మీద పెద్ద అద్దాలు పెట్టి, ఊరి కూడలిలోకి వెలుతురు మళ్లించుకున్నారు. అలాంటి చోటికి వేసవిలో పది రోజులు వెళ్లినవాళ్లకు ఆ ఆరు నెలల సంగతి ఎలా తెలుస్తుంది? ఇక అందరూ వచ్చినప్పటి సంగతి. మా పాప స్కూలు ఇంటికి పది నిమిషాల దూరం. సీజన్‌లో అదే దారికి ముప్పావు గంట పట్టేది. ఒకరోజు కాదు, ఆరు వారాలు.

ఎవరి జీతం ఎక్కడి నుంచి వస్తుంది. ఇద్దరి గురించీ అడగండి. ఎక్కువగా ఒకరి ఉద్యోగం ల్యాప్‌టాప్‌తో పాటు వస్తుంది, రెండోవాళ్లది రాదు. మావారిది వచ్చింది. నేను ల్యాబ్‌లో పనిచేసేదాన్ని, నాది రాలేదు. అక్కడికెళ్లాక ఏదో ఒకటి దొరుకుతుందనుకున్నాం. దొరికినవన్నీ సీజన్ ఉద్యోగాలే. సీజన్ ముగిస్తే జీతం ఆగుతుంది, అద్దె ఆగదు. ఇంటి నుంచి పని చేసేవాళ్లు కూడా రెండు విషయాలు తేల్చుకోవాలి. ఆ అనుమతి నోటిమాటా, రాతపూర్వకమా అన్నది ఒకటి. కేబుల్ ఇంటర్నెట్ లేని చోట ఏ ఉపగ్రహం మీద ఆధారపడాలన్నది రెండోది. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉండే పాతరకం ఉపగ్రహాల ద్వారా అయితే మన మాట వెళ్లి జవాబు తిరిగి రావడానికి అర సెకనుకు పైగా ఆలస్యమవుతుంది, వీడియో మీటింగుల్లో ఇబ్బందే. కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోనే తిరిగే స్టార్‌లింక్ లాంటివాటితో ఆ బాధ చాలా తక్కువ.

ఆసుపత్రి ఎన్ని నిమిషాలు. జ్వరానికి మందిచ్చే క్లినిక్ చాలా ఊళ్లలో ఉంటుంది. చూడాల్సింది రాత్రి రెండింటికి కూడా సీటీ స్కాన్ తీయగల ఆసుపత్రి ఎంత దూరమని. రక్తనాళం పూడుకుని పక్షవాతం వస్తే, గడ్డను కరిగించే మందు సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. దారి, పరీక్ష అన్నీ ఆ సమయంలోనే కావాలి. దూరాన్ని మ్యాపులో కిలోమీటర్లలో చూడకండి. సీజన్‌లో, శనివారం సాయంత్రం ఎన్ని నిమిషాలు పడుతుందో చూడండి.

పిల్లల వయసు. ఐదేళ్ల పిల్లకూ పధ్నాలుగేళ్ల పిల్లాడికీ ఇది ఒకే మార్పు కాదు. షిగెహిరో ఓయిషి, ఉల్రిచ్ షిమ్మాక్ 2010లో ప్రచురించిన అధ్యయనంలో 7,108 మంది అమెరికన్ల వివరాలు చూశారు. చిన్నప్పుడు ఎక్కువసార్లు ఇళ్లు మారినవాళ్లలో, అందులోనూ ఎవరితోనూ త్వరగా కలవని స్వభావం ఉన్నవాళ్లలో, పెద్దయ్యాక తృప్తి, దగ్గరి స్నేహాలు తక్కువగా కనిపించాయి. ఒక్కసారి మారితే పిల్లలు పాడైపోతారని దాని అర్థం కాదు. మాటిమాటికీ మార్చకూడదని, బిడియస్తులను ఇంకా ఆలోచించి మార్చాలని మాత్రం నేను అర్థం చేసుకున్నాను. స్నేహానికి సమయం కావాలి. జెఫ్రీ హాల్ అనే పరిశోధకుడు 2018లో వేసిన లెక్క ప్రకారం ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి దాదాపు 50 గంటలు, ప్రాణస్నేహం కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలి. సగంమంది సీజన్‌కు వచ్చి వెళ్లిపోయే ఊళ్లో ఆ 200 గంటలు పోగవడం పెద్దలకే కష్టం.

ఇల్లు, దాని మీది నియమాలు. పర్యాటకులకు రోజువారీగా ఇస్తే ఎక్కువ డబ్బు వచ్చే ఇంటిని ఏడాది పొడుగునా మీకు అద్దెకివ్వాలని యజమానికి ఎందుకు ఉంటుంది? "సీజన్ మొదలయ్యేలోగా ఖాళీ చేయాలి" అనే షరతు ఇలాంటి ఊళ్లలో వినపడుతుంది. వెనిస్ పాత నగరంలో 1950ల మొదట్లో దాదాపు 1,75,000 మంది ఉండేవారు. 2022కి 50,000 కన్నా తగ్గిపోయారు. ఇళ్లు పర్యాటకుల బసలుగా మారడం అందుకు ఒక కారణం. నియమాలు కూడా ఊరూరికీ మారతాయి. స్విట్జర్లాండ్‌లో 2012 ఓటింగ్ తర్వాత ఏ ఊళ్లోనైనా రెండో ఇళ్ల వాటా 20 శాతం దాటకూడదన్న పరిమితి వచ్చింది. కెనడాలోని బాన్ఫ్ ఊరు జాతీయ ఉద్యానవనం లోపల ఉంది, కాబట్టి అక్కడ ఉద్యోగమో వ్యాపారమో లాంటి అర్హత ఉన్నవాళ్లూ వాళ్ల కుటుంబసభ్యులే నివసించాలి. డబ్బుంది కదా అని వెళ్లి ఉండిపోలేం. బార్సిలోనా నగరపాలన పర్యాటకుల అపార్ట్‌మెంట్ల లైసెన్సులన్నీ 2028 నాటికి ముగించేస్తామని 2024లో ప్రకటించింది. ఇల్లు కొని, మనం లేనప్పుడు అద్దెకిచ్చి కంతులు కట్టేద్దామని లెక్క వేసుకున్నవాళ్లు ఈ చివరి సంగతి రెండుసార్లు చదవండి.

## ఒకటో దారి: ఊళ్లోనే కాపురం

ఇందులోని సుఖం మరే దారిలోనూ రాదు. సాయంత్రం ఐదింటికి పని ముగిస్తే ఐదుంపావుకి అడవి దారిలో ఉండొచ్చు. సీజన్ అయిపోయాక ఊరంతా మనదే అన్నట్టుంటుంది. ఆ ఖాళీ రోడ్ల మీద మా చిన్నది సైకిల్ నేర్చుకుంది. పర్యాటకులకు ఎప్పటికీ కనపడని ఉదయాలు చూశాం. వాటిని తక్కువ చేసి చెప్పను.

దానికి చెల్లించే మూల్యం చిన్న చిన్న ముక్కలుగా వస్తుంది. మామూలు వస్తువులకు కూడా పర్యాటకుల ధర. చెప్పులు తెగితే ఒక ప్రయాణం, పంటి డాక్టరుకు ఇంకో ప్రయాణం, కళ్లజోడుకు మరొకటి. ప్లంబర్ సీజన్‌లో హోటళ్ల పనిలో ఉంటాడు, మన ఇంటికి రాడు. మొదటి ఏడాది బంధువులూ స్నేహితులూ వరసగా వస్తారు. అందరూ కావాల్సినవాళ్లే, రావాలనే మనకూ ఉంటుంది. కానీ వాళ్లు సెలవులో ఉంటారు, మనం ఉండం. పన్నెండు వారాంతాల్లో తొమ్మిది అతిథులతో గడిచాక, ముందుగా చెప్పి వారానికి ఒక కుటుంబం చొప్పున రమ్మని అడగాల్సి వచ్చింది. అలా అడగడం మాకు చాలా కష్టమైంది.

ఊరు ఏ దశలో ఉందో కూడా గమనించండి. రిచర్డ్ బట్లర్ అనే భూగోళ శాస్త్రవేత్త 1980లో పర్యాటక ప్రాంతాల జీవితచక్రాన్ని వివరించారు. ముందు కొందరు వెతుక్కుంటూ వస్తారు, తర్వాత స్థానికులు వసతులు కల్పిస్తారు, ఆపైన పెద్ద పెట్టుబడులు వచ్చి ఊరు వేగంగా పెరుగుతుంది, చివరికి పెరుగుదల ఆగుతుంది. అక్కడి నుంచి ఊరు వాడిపోనూ వచ్చు, కొత్తగా కోలుకోనూ వచ్చు. వేగంగా పెరిగే దశలో ఇల్లు తీసుకుంటే, మీరు ప్రేమించిన ఊరు మీ కళ్లముందే వేరే ఊరు కావచ్చు. గత ఐదేళ్లలో ఎన్ని కొత్త హోటళ్లు వచ్చాయో, స్కూల్లో పిల్లలు పెరుగుతున్నారో తరుగుతున్నారో కనుక్కోండి. స్కూల్లో పిల్లలు తగ్గుతూ హోటళ్లు పెరుగుతుంటే నేనైతే అక్కడ ఇల్లు కొనను.

## రెండో దారి: దగ్గర్లోని మామూలు పట్నం

దీని గురించి ఎవరూ కలలు కనరు. కిటికీలోంచి కొండ కనపడదు, సముద్రం వినపడదు. సెలవులకు వెళ్లేటప్పుడు దారిలో పెట్రోలు కోసం ఆగే ఊరు ఇది. అందుకే మేం మొదట దీన్ని పట్టించుకోలేదు. స్కూలుకు వెళ్లే పిల్లలున్న చాలా కుటుంబాలకు సరైన జవాబు ఇదేనని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

కారణం సులువే. బ్రూనో ఫ్రై, అలోయిస్ స్టట్జర్ అనే ఆర్థికవేత్తలు 2008లో జర్మనీ కుటుంబాల సమాచారం ఆధారంగా ఒక విషయం చూపించారు. ఉద్యోగానికి రోజూ ఎక్కువసేపు ప్రయాణించేవాళ్లలో జీవితం మీద తృప్తి తక్కువ. మంచి ఇల్లో ఎక్కువ జీతమో ఆ కష్టాన్ని పూడుస్తుందని అనుకుంటాం, వాళ్ల లెక్కల్లో పూడలేదు. కొండ మీద ఇల్లు పెట్టుకుని స్కూలుకూ ఆసుపత్రికీ బజారుకూ కిందికి దిగడమంటే సరిగ్గా ఆ రోజువారీ ప్రయాణాన్ని కొనుక్కోవడమే. పట్నంలో ఉంటే లెక్క తిరగబడుతుంది. స్కూలు నడిచివెళ్లే దూరం. శనివారం నలభై నిమిషాలు వెళ్తే కొండ. ఆ నలభై నిమిషాలు ఎవరికీ భారం అనిపించవు, ఎందుకంటే అప్పుడు మనం వెళ్తున్నది ఇష్టమైన చోటికి.

నాకు పట్నంలో ల్యాబ్ ఉద్యోగం దొరికింది. అత్తయ్యకు నెలనెలా చూపించుకునే డాక్టరు దొరికారు. పిల్లల స్నేహితులు సీజన్‌తో మాయమవరు. పోయింది ఒకటుంది, దాచను. పని అయిపోగానే అడవి దారిలోకి నడిచే సాయంత్రాలు పోయాయి. వారం మధ్యలో కొండకు వెళ్దామని ఎన్నోసార్లు అనుకున్నాం, వెళ్లింది మాత్రం కొద్దిసార్లే. రోజూ అలలు చూడకుండా ఉండలేననే మనిషికి ఈ దారి నచ్చదు. దూరం విషయంలో నా అనుభవం ఏమిటంటే, గంట లోపైతే తరచూ వెళ్తాం. గంటన్నర దాటితే నెలకోసారి అవుతుంది, ఆ తర్వాత ఇల్లు మారిన ప్రయోజనమే పోతుంది.

## మూడో దారి: కొంత ఇక్కడ, కొంత అక్కడ

స్కూలు రోజుల్లో ఉన్న ఊళ్లో, సెలవుల్లో ఆ ఊళ్లో. పిల్లలు బడి ఈడు దాటినవాళ్లకు, ఉద్యోగ విరమణ చేసినవాళ్లకు, ఇంకా బడికి వెళ్లని చిన్నపిల్లలున్న ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు ఇది బాగా కుదురుతుంది. మిగతావాళ్లకు రెండు ఇళ్ల ఖర్చు, రెండు ఇళ్ల మరమ్మతు, ఏ వస్తువు ఏ ఇంట్లో ఉందోనన్న వెతుకులాట. సొంత ఇల్లు కొనేకంటే ఏటా ఒకే ఇంటిని నెలా రెండు నెలలు అద్దెకు తీసుకోవడం నయమని నా అభిప్రాయం.

రెండో ఇల్లు వేరే దేశంలోనో వేరే పన్ను పరిధిలోనో ఉంటే రోజులు లెక్కపెట్టుకోవాలి. చాలా దేశాల్లో ఏడాదిలో 183 రోజులు దాటితే పన్నుల లెక్కలో అక్కడి నివాసిగా చూస్తారు. ఆరోగ్య బీమా రెండు చోట్లా చెల్లుతుందో లేదో ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

## నాలుగో దారి: ఉన్నచోటే ఉండి, ఎక్కువసార్లు వెళ్లడం

ఇది ఓడిపోవడం కాదు. నెదర్లాండ్స్‌లో 1,530 మంది మీద 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో, సెలవులకు వెళ్లబోయేవాళ్లు వెళ్లనివాళ్లకంటే ముందునుంచే సంతోషంగా ఉన్నారు. తిరిగొచ్చాక మాత్రం ఇద్దరి మధ్యా పెద్ద తేడా కనపడలేదు, చాలా ప్రశాంతంగా సెలవు గడిపి వచ్చినవాళ్లకు తప్ప. అంటే ఎదురుచూపులోనే సంతోషం చాలా ఉంది. ఊళ్లో కాపురం పెడితే మొదట పోయేది ఆ ఎదురుచూపే.

ఇల్లు మారడానికయ్యే ఖర్చును ఒకసారి కాగితం మీద రాయండి. సామాను రవాణా, అడ్వాన్సు, స్కూలు ఫీజులు, ఒకరి జీతం కొన్ని నెలలు ఆగడం. ఆ మొత్తంతో ఎన్నిసార్లు, ఎన్ని రోజులు వెళ్లి రావచ్చో లెక్కేయండి. మా స్నేహితుల కుటుంబం ఒకటి ఈ లెక్క వేసుకుని, ఏడాదికోసారి వెళ్లే చోటికి నాలుగుసార్లు వెళ్తోంది. ఉన్న ఊళ్లో ఉద్యోగం కష్టంగా ఉందనో ఇరుగుపొరుగుతో పడటం లేదనో మనసు అటు లాగుతుంటే మాత్రం ఆ బాధను విడిగా చూసుకోవాలి. అది సామానుతో పాటే వస్తుంది.

| చూడాల్సినది | ఊళ్లోనే | పక్క పట్నం | రెండు చోట్లా | ఉన్నచోటే |
|---|---|---|---|---|
| రోజూ ఆ అందం | పూర్తిగా | వారాంతాల్లో | కొన్ని నెలలు | సెలవుల్లో |
| ఇద్దరికీ ఉద్యోగం | కష్టం | చాలావరకు దొరుకుతుంది | ఇంటి నుంచి చేసే పనైతేనే | మారదు |
| స్కూలు | ఎంచుకునే వీలు తక్కువ | బాగుంటుంది | బడి ఈడులో ఇబ్బంది | మారదు |
| పెద్ద ఆసుపత్రి | దూరం | దగ్గర | సగం కాలం దూరం | మారదు |
| ఏడాది పొడుగునా అద్దె ఇల్లు | అరుదు | సులువు | ముందే మాట్లాడుకోవాలి | అవసరం లేదు |
| నచ్చకపోతే వెనక్కి రావడం | ఖరీదు | మధ్యస్థం | సులువు | అవసరం లేదు |

## సముద్రమా, కొండా

ఇంటి విషయంలో రెండూ వేర్వేరు లోకాలు. సముద్రం పక్కన ఉప్పుగాలి కాంక్రీటులోకి చేరి లోపలి ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటును చీలుస్తుంది. తీరం నుంచి మొదటి కొన్ని వందల మీటర్లలో ఈ బెడద తీవ్రం, లోపలికి వెళ్లేకొద్దీ తగ్గుతుంది. కొనేముందు పైకప్పు అడుగున పెచ్చులూడాయేమో, బాల్కనీ రెయిలింగు ఎలా ఉందో చూడండి. కొత్తగా బిగించే స్టీలు 316 రకమైతే మంచిది. అందులో ఉండే మాలిబ్డినం ఉప్పును కొంత తట్టుకుంటుంది.

కొండ మీద ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ సగటున ఆరున్నర డిగ్రీల సెల్సియస్ చల్లదనం పెరుగుతుంది. సెలవుల్లో అది హాయి, ఏడాది పొడుగునా అయితే వేడి చేసుకునే ఖర్చు. గోడలకు బూజు పట్టకుండా గదిలో తేమ 60 శాతం లోపు ఉంచడమే మాకు పెద్ద పనైంది. 2,500 మీటర్లు దాటిన ఊళ్లకు గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్దవాళ్లను డాక్టరును అడగకుండా మార్చకండి. ఇంకొకటి, కొండచరియలు పడితే ఊరికి రెండో దారి ఉందా? ఒకటే దారైతే ఏటా ఎన్ని రోజులు మూతపడుతుందో స్కూలు బస్సు డ్రైవరును అడగండి. ఇళ్లు అమ్మే ఏజెంటు కంటే ఆయన నిజం చెబుతాడు.

## ఎవరికి ఏది

బడికి వెళ్లని పిల్లలు, ఇద్దరికీ ఇంటి నుంచి చేసే పని, పెద్దవాళ్ల బాధ్యత ప్రస్తుతానికి లేదు అంటే ఊళ్లోనే ఉండండి. ఆ అవకాశం మూడు నాలుగేళ్లే ఉంటుంది, వాడుకోండి.

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలుంటే పక్క పట్నం. పదమూడు దాటిన పిల్లలుంటే, ముఖ్యంగా బిడియస్తులైతే, స్కూలు ముగిసేదాకా నాలుగో దారిలో ఉండమంటాను. మా పెద్దవాడికి అప్పుడు పదమూడేళ్లు. వాడిని అడిగాం, సరేనన్నాడు. మేం ఎంత ఆశపడుతున్నామో చూసి సరేనన్నాడని ఏడాది తర్వాత తెలిసింది. పిల్లలను అడిగేటప్పుడు ఒక్కొక్కరిని విడిగా, మన ఇష్టం చెప్పకముందే అడగండి.

నిత్యం వైద్యం అవసరమైన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఒకటో దారి పక్కన పెట్టేయండి. అక్కడే బసో దుకాణమో తెరవాలనుకునేవాళ్లు ఊళ్లోనే ఉండక తప్పదు, అయితే ముందు ఒక పూర్తి సీజన్ మరొకరి దగ్గర పనిచేసి చూడాలి. పిల్లలను ఒంటరిగా పెంచుతున్నవాళ్లకు అన్నిటికంటే ముందు, పిలిస్తే పరుగున వచ్చే మనుషులు కావాలి. వాళ్లు ఇప్పుడున్న ఊళ్లో ఉంటే ఆ ఊరు వదలొద్దు.

## ముందు ఒక నెల ఉండి చూడండి

చెడ్డ నెలలోనే వెళ్లండి. హోటల్లో దిగకుండా మామూలు అద్దె ఇంట్లో ఉండండి. సెలవు పెట్టకుండా ఉద్యోగం చేస్తూ ఉండండి. పిల్లలకు స్కూలు టైములోనే లేవడం, తినడం, చదవడం. ఒక వారం పనిదినాల్లో ఉదయం ఎనిమిదింటికి స్కూలు దాకా, ఒక రాత్రి ఆసుపత్రి దాకా వెళ్లి రండి. పర్యాటకులు వెళ్లే చోట్లకు ఆ నెలంతా వెళ్లకండి. నెలాఖరున ఇంట్లో ప్రతి ఒక్కరూ ఎవరికీ చూపించకుండా ఒక కాగితం మీద ఏది బాగుందో, ఏది కష్టంగా అనిపించిందో రాయండి, తర్వాత కలిసి చదువుకోండి. ఈ నెల గడపకుండానే మేం సామాను కట్టాం.

నెల గడిచాక కూడా వెళ్లాలనే ఉంటే, మొదటి ఏడాది అద్దెకే ఉండండి. పాత ఇల్లు అమ్మకండి, ఏడాదిన్నర దాకా ఎవరికైనా అద్దెకివ్వండి. తిరిగి రావడానికయ్యే ఖర్చును విడిగా బ్యాంకులో పెట్టండి. ఆ డబ్బు ఉందని తెలిస్తే ఇంట్లో టెన్షన్ సగం తగ్గుతుంది. ఎప్పుడు కూర్చుని మళ్లీ ఆలోచించాలో తేదీ కూడా ఇప్పుడే రాసిపెట్టుకోండి. అది సీజన్ మధ్యలోనో, చెడ్డ నెలలోనో కాకుండా, ఊరు మామూలుగా ఉండే నెలలో అయ్యేలా చూసుకోండి.